పక్కింటి పిల్లి రోజూ మన మేడ మీదికి వస్తుంటే: బెంగళూరు ఇళ్లకు ఒక కరదీపిక

బెంగళూరులో ముప్పై-నలభై సైట్ల వరుసల్లో ఇంటికీ ఇంటికీ మధ్య మనిషి పట్టేంత సందు కూడా ఉండదు. పిల్లికి మాత్రం ఆ వరుసంతా ఒకే ఇల్లు. పక్కింట్లో పాలు తాగి, మన మేడ మీద ఎండలో పడుకుని, వెనకింటివారి కుండీల్లో మట్టి తవ్వి, చీకటి పడ్డాక ఎప్పుడో సొంత గూటికి చేరుతుంది. పెంచేవారికి అది ముద్దు. కుండీలో వేసిన మెంతి మొలకలు పోయినవారికి, యుటిలిటీలో మూత్రం వాసన భరించలేనివారికి, స్కూటర్ సీటు చిరిగినవారికి అది రోజూ ఉండే చికాకు.

విషయం చిన్నదే. అయినా పండక్కి పులిహోర ఇచ్చిపుచ్చుకున్న ఇళ్ల మధ్య మాటలు ఆగిపోవడానికి ఇలాంటిదే చాలు. ఈ నగరంలో పిల్లి గొడవ ఒకటి హైకోర్టు దాకా కూడా వెళ్లింది. అందుకే చట్టం ఏం చెబుతోంది, ఇంట్లో ఏం చేసుకోవచ్చు, ఎవరితో ఎలా మాట్లాడాలి అన్నవి ఒకచోట చేర్చి ఇస్తున్నాం. అన్నిటి సారం ఇదీ: గోడ దూకిన పిల్లిని శిక్షించే దారి చట్టంలో లేదు. దాన్ని రాకుండా చేసుకునే పని చాలావరకు మన చేతిలో ఉంది. మిగిలింది పొరుగువారితో మాట్లాడితేనే తేలుతుంది.

ముందు అది ఎవరి పిల్లో తేల్చుకోండి

రోజూ వచ్చే పిల్లి పక్కింటిదే అని మనం అనుకుంటాం. పక్కింటివారు వీధి పిల్లికి రెండు పూటలా అన్నం పెడుతూ ఉండవచ్చు, అంతకుమించి సంబంధం లేకపోవచ్చు. ఈ రెంటికీ తేడా ఉంది. పెంపుడు పిల్లికి టీకాలు, ఆపరేషన్ చేయించే బాధ్యత దాని యజమానిది. ఎవరిదీ కాని పిల్లి విషయంలో ఆ పని స్థానిక సంస్థ పరిధిలోకి వస్తుంది. 2023 మార్చిలో కేంద్రం ప్రకటించిన జంతు జనన నియంత్రణ నియమాలు ఈ విభజనే చేశాయి.

గుర్తులు కొన్ని ఉన్నాయి. మెడలో పట్టీ ఉంటే అది పెంపుడు పిల్లి. ఒక చెవి కొన తిన్నగా కత్తిరించి ఉంటే ఆపరేషన్ చేసి వదిలిన వీధి పిల్లి అని అర్థం. పట్టీ లేకపోయినా మనిషి దగ్గరికి వచ్చి కాళ్లకు రాసుకుంటే ఎవరో పెంచుతున్నట్టే. ఇంకా అనుమానం ఉంటే ఒక చిట్కా ఉంది. సులభంగా చిరిగే కాగితపు పట్టీ మీద "ఈ పిల్లి మీదేనా? దయచేసి ఫోన్ చేయండి" అని రాసి, నంబరు వేసి, దగ్గరికి రానిచ్చే పిల్లి మెడకు వదులుగా చుట్టండి. దారం, రబ్బరు బ్యాండు మాత్రం వాడకండి. కొమ్మకో కడ్డీకో తగులుకుంటే మెడ బిగుసుకుపోతుంది.

ఒక వారం పాటు ఏ వేళకు వస్తోంది, ఎటునుంచి దూకుతోంది, ఎక్కడ మలం పోస్తోంది అని రాసిపెట్టుకోండి. తర్వాత వల ఎక్కడ కట్టాలో, పక్కింట్లో ఏం చెప్పాలో ఈ కాగితమే చెబుతుంది.

చట్టం ఏం చెబుతోంది

పిల్లి గోడ దూకి రావడం నేరం కాదు. మేకో గేదెో పక్కవాడి చేలో పడితే బందెలదొడ్డికి తోలడానికి పశువుల అతిక్రమణ చట్టం ఉంది. ఆ చట్టం పశువులు అంటే ఏవో లెక్కపెట్టి చెప్పింది. ఏనుగు, ఒంటె, గేదె, గుర్రం, గాడిద, పంది, గొర్రె, మేక వంటివి అందులో ఉన్నాయి. పిల్లి లేదు.

పిల్లికి హాని చేస్తే మాత్రం చట్టం గట్టిగానే పట్టుకుంటుంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం జంతువును కొట్టడం, హింసించడం, హాని చేసే మందు పెట్టడం నేరాలు. ఆ చట్టంలో మొదటి తప్పుకు జరిమానా ఇప్పటికీ 10 నుంచి 50 రూపాయలే కాబట్టి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. అసలు బరువు వేరే చోట ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఏ జంతువునైనా చంపినా, విషం పెట్టినా, అవిటిదాన్ని చేసినా అయిదేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పాత ఐపీసీలో జంతువు విలువ ఎన్ని రూపాయలు అన్న లెక్క ఉండేది. కొత్త చట్టం ఆ లెక్క తీసేసింది. వీధి పిల్లి అయినా, వేలు పోసి కొన్న పర్షియన్ పిల్లి అయినా ఒకటే.

అపార్ట్‌మెంట్లలో ఉన్నవారు ఇంకో విషయం గుర్తుంచుకోవాలి. పెంపుడు జంతువులను మొత్తంగా నిషేధిస్తూ సంఘం తీర్మానం చేసినా అది నిలవదని జంతు సంక్షేమ మండలి మార్గదర్శకాలు చెబుతున్నాయి. మెట్ల మీద, లిఫ్టులో, పార్కింగ్‌లో మలమూత్రాలు పడితే పెంచేవారే శుభ్రం చేయాలని, ఏటా టీకాలు వేయించాలని సంఘం అడగవచ్చు. నివాసులంతా ఒప్పుకునే మాట కూడా అదే.

హైకోర్టు దాకా వెళ్లిన పిల్లి గొడవ

బెంగళూరు శివార్లలో ఇరుగుపొరుగు మధ్య జరిగిన సంగతి ఇది. తన పిల్లిని పక్కింటి వ్యక్తి ఇంట్లో బంధించాడని ఒకరు పోలీసులకు ఫిర్యాదు చేశారు. పిల్లి ఆ ఇంట్లో ఉన్నట్టు సీసీటీవీలో కనబడిందన్నారు. మాటామాటా పెరిగింది. పోలీసులు అవమానించడం, బెదిరించడం, మహిళ గౌరవానికి భంగం కలిగించడం అనే ఐపీసీ సెక్షన్లు 504, 506, 509 కింద కేసు కట్టి అభియోగపత్రం కూడా వేశారు. నిందితుడు కర్ణాటక హైకోర్టుకు వెళ్లాడు. 2024 జులైలో జస్టిస్ ఎం. నాగప్రసన్న ఆ కేసు విచారణ మీద స్టే ఇచ్చారు. ఇలాంటి కేసులను సాగనిస్తే నేరన్యాయ వ్యవస్థ మూసుకుపోతుందన్నది న్యాయస్థానం ఆలోచన. పిల్లులు కిటికీల్లోంచి వచ్చిపోతూ ఉంటాయన్నది అందరికీ తెలిసినదేనని కూడా కోర్టు గుర్తుచేసింది. తర్వాత కేసును కొట్టివేసింది.

ఇందులో ఇరువైపులకూ పాఠం ఉంది. పిల్లి మన ఇంట్లోకి వచ్చినంత మాత్రాన మనం దొంగలం కాము, వాళ్లూ నేరస్తులు కారు. అయితే కేసు కొట్టేసేలోపు పోలీస్ స్టేషన్, వకీలు, వాయిదాలు అన్నీ నడిచాయి. పిల్లి మీద మొదలైన మాట మనిషి మీదికి మళ్లినప్పుడే కేసు పుట్టింది. పక్కింటివారితో మాట్లాడేటప్పుడు ఈ ఒక్క సంగతి మనసులో ఉంచుకుంటే చాలు.

పిల్లి మెడలో గంట: పక్కింట్లో ఎలా చెప్పాలి

గంట ఎవరు కడతారన్నది పాత ప్రశ్న. ఇంట్లో ఎవరికి పక్కింటివారితో చనువు ఉందో వారే వెళ్లాలి. కోపం మీద ఉన్నప్పుడు, మలం ఎత్తిపోసిన రోజు పొద్దున్నే వెళ్లకండి. సాయంత్రం తీరిక వేళలో గుమ్మం దగ్గర నిలబడి రెండు మాటలు చెప్పండి. గ్రూపులో అందరూ చూసేలా ఫొటో పెట్టడం మొదటి అడుగు కాకూడదు. నలుగురిలో తలదించుకున్నవారు తర్వాత మాట వినరు.

తెలుగువారైతే, "అక్కా, మీ పిల్లి రోజూ మా కుండీల్లోకి వస్తోంది. ఇంట్లో కోడలు ఏడో నెల గర్భిణి. ఏదైనా దారి చూద్దామా?" అంటే చాలు. కన్నడిగులైతే, "ఆంటీ, నిమ్మ బెక్కు దినా నమ్మ పాట్ మణ్ణు కెదరుత్తె. సేరి ఏనాద్రూ మాడోణ" అనండి. ఏళ్లుగా ఇక్కడే ఉన్న మనకు ఈ మాట కొత్తదేమీ కాదు. అయినా వారి భాషలో అడిగితే సగం కోపం తగ్గుతుంది.

"మీ పిల్లిని కట్టేసుకోండి" అంటే ఎవరికీ కుదరదు. జరిగే పని అడగాలి. అలాంటివి నాలుగున్నాయి.

మొదటిది ఆపరేషన్. ఆడపిల్లి నాలుగైదు నెలలకే ఎదకు రాగలదు, సుమారు తొమ్మిది వారాల్లో పిల్లల్ని పెడుతుంది. మగపిల్లి గోడల మీద మూత్రం చిమ్మేది, రాత్రుళ్లు అరుస్తూ కొట్లాడేది ఎక్కువగా జత కోసమే. ఆపరేషన్ అయ్యాక ఆ వాసన, అరుపులు, తిరుగుడు బాగా తగ్గుతాయి. రెండోది ఏటా రేబిస్ టీకా. మూడోది చీకటి పడేవేళకు తిండి పెట్టడం. రాత్రి భోజనం ఇంట్లో దొరుకుతుందని అలవాటైన పిల్లి ఆ వేళకు తనే చేరుతుంది, తలుపు వేసుకుంటే తెల్లారేదాకా బయటికి రాదు. నాలుగోది వారి మేడ మీదో యుటిలిటీలోనో ఇసుక పోసిన తొట్టి పెట్టడం. సొంత చోటు శుభ్రంగా ఉంటే పిల్లి మన కుండీ వెతుక్కోదు.

ఖర్చు వల్ల వెనకాడుతుంటే ఆపరేషన్‌కు మనమూ కొంత వేసుకుంటామని చెప్పడంలో తప్పు లేదు. హెబ్బాళలోని పశువైద్య కళాశాల ఆసుపత్రి, క్వీన్స్ రోడ్డులోని ప్రభుత్వ పశువైద్యశాల ఉన్నాయి. 1991 నుంచి నగరంలో పనిచేస్తున్న క్యూపా వంటి సంస్థలనూ అడగవచ్చు.

ఇంకొక మాట. పిల్లి ఎదురొస్తే కీడు అన్న నమ్మకం మన ఇళ్లలో ఇంకా ఉంది. పెద్దవాళ్ల నమ్మకాన్ని కాదనలేం, కానీ ఫిర్యాదు అక్కడినుంచి మొదలుపెట్టకండి. మండ్య జిల్లా మద్దూరు తాలూకాలోని బెక్కళలె గ్రామంలో పిల్లిని మంగమ్మ అమ్మవారి రూపంగా పూజిస్తారు. ఊరి పేరులోనే బెక్కు ఉంది. మనకు అపశకునం అయినది పక్కింటివారికి దేవత కావచ్చు. వాసన, మట్టి, ఆరోగ్యం గురించి మాట్లాడితే అందరికీ ఒకేలా అర్థమవుతుంది.

మన ఇంట్లో చేసుకోదగ్గవి

*కుండీలు, తోట:* పొడిగా, గుల్లగా ఉన్న మట్టి పిల్లికి ఇష్టం. కుండీ పైన చికెన్ మెష్ ముక్క పరిచి మొక్క మొలిచే చోట కన్నం వదలండి. గులకరాళ్లు, కొబ్బరి చిప్పలు, కొబ్బరి పీచు పరిచినా తవ్వలేదు. కొత్తగా విత్తిన తొట్లను మొలకలు ఎదిగేదాకా వల కింద ఉంచండి. నారింజ, బత్తాయి తొక్కల వాసన పిల్లులకు గిట్టదు. తొక్కలు వేస్తే రెండు మూడు రోజులకోసారి మార్చాలి.

*దారి మూయడం:* వారం రోజుల కాగితం చూస్తే పిల్లి ఎప్పుడూ ఒకట్రెండు చోట్లనుంచే దూకుతుందని తెలుస్తుంది. అక్కడ మాత్రం పావురాల వల కట్టండి. యుటిలిటీకి, వంటింటి కిటికీకి మెష్ తలుపు ఉంటే పాలు, చేపల గొడవ తీరుతుంది. నీళ్ల ట్యాంకు, సంపు మూతలు సరిగ్గా పడ్డాయో లేదో చూడండి.

*తిండి వాసన:* హసి కస డబ్బా రాత్రి గేటు బయట పెట్టేస్తే పక్కింటి పిల్లే కాదు, వీధిలోని పిల్లులన్నీ వస్తాయి. చేపలు, మాంసం కడిగిన నీళ్లు, ఎముకలు మూత బిగిసే డబ్బాలో ఉంచి పొద్దున బండి వచ్చినప్పుడే ఇవ్వండి. పిల్లి మీద జాలితో ఒక్కరోజు పాలు పోసినా అది గుర్తుపెట్టుకుంటుంది. ఇంట్లో ఒకరు పోసి ఇంకొకరు తరిమితే ఎన్నటికీ తెగదు.

*వాసన వదిలించడం:* మూత్రం పడిన చోట వాసన మిగిలితే మళ్లీ అక్కడికే వస్తుంది. ముందు నీళ్లతో కడిగి, పెంపుడు జంతువుల దుకాణాల్లో దొరికే ఎంజైమ్ క్లీనర్ వాడండి. బ్లీచింగ్ పౌడరు మూత్రంతో కలిస్తే ఘాటైన విషవాయువు వస్తుంది కాబట్టి అది వద్దు.

*బండి, కారు:* సీటుకు మందపాటి కవరు వేయండి. డిసెంబరు, జనవరి చలిలో పిల్లులు ఇంజను వెచ్చదనానికి బానెట్ లోపల దూరతాయి. పొద్దున కారు తీసేముందు బానెట్ మీద రెండుసార్లు తట్టండి.

*తరమడం:* కదలిక పసిగట్టి నీళ్లు చిమ్మే పరికరాలు దొరుకుతాయి. అవి పిల్లికి హాని చేయవు. అది లేకపోతే చప్పట్లు, రెండు చుక్కల నీళ్లు చాలు.

అటక మీద పిల్లల్ని పెడితే

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందని మన పెద్దలు అంటారు. అందులో నిజముంది. అలికిడి ఎక్కువైతే తల్లే వాటిని ఇంకోచోటికి మోసుకుపోతుంది. అటక మీదో మెట్ల కిందో పిల్లలు కనబడితే వెంటనే ఎత్తి బయట పెట్టకండి. తల్లి లేకుండా అవి బతకవు. పక్కింటి పిల్లి అని తెలిస్తే వారిని పిలిచి చూపించండి. వీధి పిల్లి అయితే పిల్లలు తమంతట తాము తినే వయసు వచ్చాక తల్లికి ఆపరేషన్, పిల్లలకు ఇళ్లు వెతకడం కోసం స్వచ్ఛంద సంస్థలను అడగండి. ఈసారి వదిలేస్తే కొన్ని నెలల్లో మళ్లీ అదే అటక.

చేయకూడనివి

గోనెసంచిలో వేసి ఊరవతల వదిలిరావడం పల్లెల్లో పాత అలవాటు. ఇక్కడ పనికిరాదు. పెంపుడు పిల్లిని అలా తీసుకుపోతే అది ఇంకొకరి సొత్తు మాయం చేయడమే అవుతుంది. తెలియని చోట అది ఆకలితోనో బండి కిందో చస్తుంది. పైగా ఒక పిల్లి పోతే ఆ ఖాళీలోకి ఇంకోటి వస్తుంది, అది టీకా లేనిదీ ఆపరేషన్ కానిదీ కావచ్చు.

ఎలుకల మందు పెట్టకండి. ఆ మందు తిన్న ఎలుకను తిన్నా పిల్లి చావవచ్చు. వీధి కుక్కకు, ఆడుకునే పసివాడికి కూడా అది ప్రమాదమే. కలరా ఉండలు, ఫినాయిల్, ఘాటైన నూనెలు పిల్లి ఒంటికి విషం. కారప్పొడి చల్లితే కళ్లు, కాళ్లు మండి హింస అవుతుంది. గాయపడిన పిల్లికి మన ఇంట్లోని పారాసిటమాల్ ఇవ్వడం మంచి మనసుతో చేసినా ప్రాణం తీస్తుంది.

ఆరోగ్యం: భయం ఎంత, జాగ్రత్త ఎంత

గర్భిణి ఉన్న ఇళ్లలో మొదట వినబడే మాట టాక్సోప్లాస్మా. కొన్ని పిల్లుల మలంలో ఈ సూక్ష్మజీవి ఉంటుంది. గర్భంలోని బిడ్డకు సోకితే హాని జరగవచ్చు. పిల్లి పక్కనుంచి నడిచినంత మాత్రాన ఇది సోకదు. మలంలోంచి బయటపడ్డాక అంటుకునే స్థితికి రావడానికి ఒకటి నుంచి అయిదు రోజులు పడుతుంది. అందుకే మలాన్ని ఏ రోజుకారోజు తీసేయాలి, ఆ పని గర్భిణి చేయకూడదు. మట్టిపని చేసేవారు చేతి తొడుగులు వేసుకుని, తర్వాత సబ్బుతో కడుక్కోవాలి. మేడమీద పండిన కొత్తిమీర, పాలకూర బాగా కడగాలి. సరిగ్గా ఉడకని మాంసం వల్ల కూడా ఇదే జబ్బు వస్తుందన్నది మరవకండి.

పిల్లి కరిచినా, రక్తం వచ్చేలా గీరినా రేబిస్ మాట ఆలోచించాల్సిందే. వెంటనే పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. పసుపు, సున్నం, కాఫీపొడి అద్దకండి. అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో టీకా ఉంటుంది. కండలోకి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 14, 28 రోజుల్లో అయిదు డోసులు వేస్తారు. గాయం లోతుగా ఉంటే ఇమ్యునోగ్లోబులిన్ కూడా అవసరమవుతుంది. పక్కింటి పిల్లి అయితే దాని టీకా కార్డు అడగండి, పది రోజులు కంటికి ఎదురుగా ఉంచమని చెప్పండి. అది బాగుందని మన టీకా మొదలుపెట్టడం ఆలస్యం చేయకండి. పక్కింటివారితో మాటలు ఉంటేనే ఆ కార్డు అడిగిన వెంటనే చేతికొస్తుంది. సంబంధం చెడగొట్టుకోకపోవడానికి ఇంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు.

మాట వినకపోతే ఎవరికి చెప్పాలి

రెండు మూడుసార్లు చెప్పినా కదలిక లేకపోతే కాగితం మీద పెట్టండి. తేదీలు, జరిగిన నష్టం, మీరు అడిగిన ఆ నాలుగు పనులు రాసి, ఫొటోలు జతచేసి, ఒక ప్రతి దగ్గర ఉంచుకోండి. అపార్ట్‌మెంటులో సంఘానికి, లేఅవుట్‌లో నివాసుల సంఘానికి ఇవ్వండి. తిట్లు, జాతి, భాష, మతం ప్రస్తావన ఒక్క మాట కూడా ఉండకూడదు.

వీధి పిల్లులు ఎక్కువైతే స్థానిక కార్పొరేషన్ పశుసంవర్ధక విభాగానికి చెప్పాలి. 2025 సెప్టెంబరులో బీబీఎంపీ స్థానంలో గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద అయిదు కార్పొరేషన్లు వచ్చాయి: సెంట్రల్, నార్త్, సౌత్, ఈస్ట్, వెస్ట్. మీ వార్డు ఏ కార్పొరేషన్‌లో పడిందో చూసుకుని అర్జీ అక్కడే ఇవ్వండి. అర్జీ కన్నడలో ఉంటే పని తొందరగా కదులుతుంది. మాట్లాడటం మనందరికీ వచ్చు, రాయడం దగ్గర తడబాటు ఉంటే ఇంట్లో కన్నడ మాధ్యమంలో చదివిన పిల్లలకు అప్పగించండి.

అప్పటికీ తెగకపోతే పోలీసుల కన్నా ముందు న్యాయ సేవా ప్రాధికారాన్ని అడగండి. కోర్టులో కేసు వేయకముందే ఇరువర్గాలను కూర్చోబెట్టి రాజీ కుదిర్చే ఏర్పాటు అక్కడ ఉంది. ఉచిత న్యాయ సలహాకు 15100 నంబరు దేశమంతటా పనిచేస్తుంది.

మనమే పెంచుతుంటే

ఇంతదాకా చెప్పినవన్నీ మన పిల్లి పక్కింటికి వెళ్తున్నప్పుడు మనకూ వర్తిస్తాయి. ఆపరేషన్, టీకా, సాయంత్రం తిండి, ఇసుక తొట్టి, లాగితే ఊడివచ్చే పట్టీ మీద ఫోన్ నంబరు. పక్కింటివారు గుమ్మంలోకి వచ్చి చెప్పినప్పుడు "పిల్లి కదండీ, ఏం చేస్తాం" అనకండి. వెళ్లి ఆ కుండీ చూడండి, మలం మనమే ఎత్తండి. మొక్క పోతే ఇంకో మొక్క తెచ్చి ఇవ్వండి. నర్సరీలో దాని ధర పోలీస్ స్టేషన్‌కు ఒకసారి వెళ్లివచ్చే ఆటో కిరాయి కన్నా తక్కువ.